తెరిచే ఉన్న తలుపు: ‘ఈఆర్’ చివరి భాగం – ఒక పరిశీలన

పదిహేనేళ్ల పాటు నడిచిన కథను ముగించడం ఏ రచయితకైనా కఠిన పరీక్షే. నాయకుడు గెలిచినట్లు చూపవచ్చు, మరణించినట్లు చూపవచ్చు, క్షేమంగా ఇల్లు చేరినట్లు చూపవచ్చు. కానీ నాయకుడి స్థానంలో ఒక ఆసుపత్రిలోని అత్యవసర చికిత్సా విభాగం ఉన్నప్పుడు ఈ మూడు దారుల్లో ఏదీ అక్కరకు రాదు. మన ఊళ్లలో ‘క్యాజువాలిటీ’ అని పిలిచే ఆ గదికి గెలుపు లేదు, విశ్రాంతి లేదు. ఒక రోగిని పైఅంతస్తుకు పంపేలోగా మరొక రోగి వాకిట్లో ఉంటాడు. అమెరికాలో ఎన్‌బీసీ చానెల్‌లో 1994 సెప్టెంబరు 19న ప్రారంభమై, 331 భాగాలు నడిచి, 2009 ఏప్రిల్ 2న ముగిసిన ‘ఈఆర్’ ధారావాహిక ఈ చిక్కుముడిని విప్పుకున్న తీరు నేటికీ పరిశీలించదగినదే.

ఇన్నేళ్ల తరువాత ఆ ముగింపును తిరిగి తలచుకోవడానికి కారణాలు లేకపోలేదు. ‘ఈఆర్’లో జాన్ కార్టర్ అనే వైద్యుడి పాత్ర ధరించిన నోవా వైలీ, 2025 జనవరిలో మొదలైన ‘ది పిట్’ అనే మరో ఆసుపత్రి కథతో తెరపైకి తిరిగి వచ్చాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆ ధారావాహికకు ఉత్తమ నాటకంగా, అతనికి ఉత్తమ నటుడిగా ఎమ్మీ పురస్కారాలు లభించాయి. ‘ఈఆర్’ కాలంలో అయిదుసార్లు ఆ పురస్కారాల పరిశీలనకు నామినేట్ అయినా అతనికి ఒక్కసారీ దక్కలేదు. మరొక కారణం తెరకు సంబంధించినది కాదు. 2025 జూలై 4న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన బడ్జెట్ చట్టం, పేదల వైద్య పథకమైన మెడికెయిడ్‌కు భారీగా కోత పెట్టింది. ఆ చట్టం ఫలితంగా 2034 నాటికి బీమా లేనివారి సంఖ్య మరో కోటి వరకు పెరుగుతుందని ఆ దేశ కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయమే అంచనా వేసింది. బీమా లేని మనిషికి చివరకు మిగిలేది అత్యవసర విభాగపు తలుపు ఒక్కటే. ‘ఈఆర్’ పదిహేనేళ్లు చూపినది ఆ తలుపునే. దాని చివరి దృశ్యం ముగిసినది కూడా ఆ తలుపు ముందే.

ఇరవై ఏళ్లు మూలన పడిన కథ

‘ఈఆర్’ రూపకర్త మైకేల్ క్రైటన్. ‘జురాసిక్ పార్క్’ నవలా రచయితగానే ఆయన లోకానికి ఎక్కువగా తెలుసు. అయితే ఆయన హార్వర్డ్‌లో వైద్యవిద్య పూర్తిచేసిన వ్యక్తి. విద్యార్థిగా ఆసుపత్రిలో కళ్లారా చూసిన దృశ్యాల ఆధారంగా 1974లో ఒక సినిమా కథ రాసుకున్నారు. దానిని తెరకెక్కించడానికి ఎవరూ ముందుకు రాలేదు. అందుకు కారణం సులభంగానే ఊహించవచ్చు. అందులో ఒక కథ లేదు, ముప్పై నలభై కథలున్నాయి. రోగులు వస్తారు, వెళతారు. కొందరి సంగతి ఏమైందో ప్రేక్షకుడికి చివరివరకు తెలియదు. వైద్యులు తమలో తాము వాడుకునే సాంకేతిక పదాలకు వివరణ ఉండదు. సినిమా కథకు కావలసిన ఆది మధ్యాంతాలు అందులో లేవు. తరువాత స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఆ కథపై ఆసక్తి చూపారు గానీ, ఈలోగా ‘జురాసిక్ పార్క్’ అడ్డు వచ్చి అది మళ్లీ వెనక్కి వెళ్లింది. చివరికి ఇరవై ఏళ్ల తరువాత టెలివిజన్ దానికి చోటిచ్చింది.

లోపమని నిర్మాతలు భావించినదే ఆ ధారావాహికకు బలమైంది. అత్యవసర విభాగంలో వైద్యుడికి రోగి జీవితంలోని ఒక గంట మాత్రమే తెలుస్తుంది. ముందు జరిగింది తెలియదు, తరువాత జరిగేది తెలియదు. ఆ పరిమితిని దాచకుండా చూపడం వల్లనే ప్రేక్షకులు దానిని నమ్మారు. తొలి సంవత్సరాల్లో వారానికి సగటున మూడు కోట్లకు పైగా జనం చూశారు. 1998లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక్కొక్క భాగానికి చానెల్ సుమారు కోటీ ముప్పై లక్షల డాలర్లు చెల్లించడానికి సిద్ధపడింది.

కథాస్థలం చికాగో నగరంలోని ‘కౌంటీ జనరల్’ అనే కల్పిత ఆసుపత్రి. ఆ కల్పన వెనుక నిజమైన ఒక ప్రభుత్వ ఆసుపత్రి నీడ ఉన్నది. అది చికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రి. 1937లో అమెరికాలోని తొలి రక్తనిధి వెలసినది అక్కడే. ఆ పాత భవనాన్ని 2002లో మూసివేసి, పక్కనే కట్టిన కొత్త ఆసుపత్రికి రోగులను తరలించారు. తెరమీది కౌంటీ జనరల్ మాత్రం మరో ఏడేళ్లు అదే పాత గోడల మధ్య నడిచింది.

చివరి రోజు

ముగింపు భాగం రాసినవారు జాన్ వెల్స్, దర్శకత్వం వహించినవారు రాడ్ హోల్కూంబ్. 1994లో తొలి భాగాన్ని తీసిన దర్శకుడూ హోల్కూంబే. ఆయనకు 2009లో ఈ ముగింపు భాగానికే ఉత్తమ దర్శకుడిగా ఎమ్మీ పురస్కారం దక్కింది. క్రైటన్ మాత్రం దానిని చూడలేదు. 2008 నవంబరులోనే ఆయన కన్నుమూశారు.

తొలి భాగం డాక్టర్ మార్క్ గ్రీన్ నిద్రతో మొదలైంది. చీకటి గదిలో బల్లపై కునుకు తీస్తున్న ఆ వైద్యుడిని నర్సు లిడియా వచ్చి లేపుతుంది. చివరి భాగంలోనూ అదే నర్సు, అదే తీరున మరో వైద్యుడిని లేపుతుంది. ఈసారి ఆ స్థానంలో ఉన్నది ఆర్చీ మోరిస్. గ్రీన్ పాత్ర 2002లోనే మెదడు కణితితో మరణించింది. మనిషి మారాడు, నిద్రలేమి మారలేదు. ఎనిమిది గంటల కొలువు చేసి ఇంటికి పోయే అలవాటున్నవారికి ఆ ఒక్క దృశ్యంలో ఆసుపత్రి జీవితమంతా అర్థమవుతుంది.

అక్కడినుంచి ఒక పగలు, ఒక రాత్రి గడుస్తాయి. తాగుడు పందెంలో మునిగి స్పృహ తప్పిన ఒక బాలిక వస్తుంది. కవలలను కనడానికి వచ్చిన తల్లి, బిడ్డలు పుట్టిన తరువాత ప్రాణం విడుస్తుంది. 1995లో వచ్చిన ఒక భాగంలో ఇలాగే కాన్పులో తల్లి మరణించడం, అందుకు గ్రీన్ లోలోపల కుమిలిపోవడం పాత ప్రేక్షకులకు గుర్తుంటుంది. పద్నాలుగేళ్ల తరువాత కూడా ఆ ప్రమాదం ఆ గదిని వదలలేదని రచయిత గుర్తుచేశారు. మరో మంచం పక్కన మరణం సమీపించిన భార్య చేయి పట్టుకుని ఒక వృద్ధుడు కూర్చుంటాడు. ఆ పాత్ర పోషించిన ఎర్నెస్ట్ బోర్గ్నైన్ వయసు అప్పటికి 92 ఏళ్లు. గుండెను మళ్లీ కొట్టించే ఆర్భాటమేదీ ఆయన సన్నివేశాల్లో ముఖ్యం కాదు. దశాబ్దాల దాంపత్యానికి వీడ్కోలు చెప్పడం ఎలాగన్నదే అక్కడి ప్రశ్న.

ఈ వృద్ధుడి ఘట్టానికి మరొక విలువ కూడా ఉన్నది. ‘ఈఆర్’తో పాటు మరి రెండు అమెరికన్ టీవీ కార్యక్రమాలను పరిశీలించి 1996లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. ఆగిన గుండెను ఛాతీ నొక్కి తిరిగి నడిపించే ప్రయత్నాల్లో తెరమీద నాలుగింట మూడు వంతులు అప్పటికప్పుడు సఫలమవుతున్నాయని అందులో లెక్క తేలింది. వాస్తవంలో ఆ నిష్పత్తి అంతకంటే ఎంతో తక్కువ. తెరను చూసి ఆశ పెంచుకున్న బంధువులు ఆసుపత్రిలో నిజం వినలేక కుంగిపోతున్నారన్నది వైద్యుల ఆవేదన. చికిత్సకు హద్దు ఉందని, ఆ హద్దు దగ్గర వైద్యుడు చేయగలిగినది పక్కన నిలవడమేనని తన చివరి రోజున చూపించి ‘ఈఆర్’ ఆ పాత బాకీలో కొంతైనా తీర్చుకున్నది.

మూడు ముగింపులు

అమెరికా టెలివిజన్‌లో ఆసుపత్రి కథల ముగింపులు అంతకు ముందే రెండు ప్రసిద్ధికెక్కాయి. కొరియా యుద్ధంలో సైనిక శస్త్రవైద్యుల కథ ‘మాష్’ 1983 ఫిబ్రవరి 28న ముగిసినప్పుడు ఆ దేశంలో సుమారు 10 కోట్ల 60 లక్షల మంది చూశారు. యుద్ధం ఆగింది, వైద్యులు ఇళ్లకు బయలుదేరారు, కథ సహజంగా ముగిసింది. బోస్టన్ నగరపు ఆసుపత్రి కథ ‘సెయింట్ ఎల్స్‌వేర్’ 1988లో అందుకు భిన్నమైన దారి పట్టింది. అంతవరకు జరిగినదంతా ఒక బాలుడి ఊహ అని, ఆ ఆసుపత్రి అతని చేతిలోని గాజుగోళంలో బొమ్మ అని చూపి ప్రేక్షకులను నివ్వెరపరిచింది.

‘ఈఆర్’ ఈ రెండు దారులనూ కాదన్నది. యుద్ధం ముగిసినట్లు అత్యవసర చికిత్స ముగియదు. ఊహ అనుకుని పక్కన పెట్టడానికి రోగులు బొమ్మలు కారు. కాబట్టి మిగిలినది ఒకే దారి, పనిని మరొకరి చేతికి అప్పగించడం. మరణానికి ముందు ఆసుపత్రిని వీడిన నాడు గ్రీన్, ఇకపై ఈ విభాగపు నడవడి నీ మీద ఆధారపడి ఉంటుందన్న అర్థం వచ్చే మాట కార్టర్‌తో అంటాడు. చివరి భాగంలో గ్రీన్ కుమార్తె రేచల్ వైద్యవిద్యలో ప్రవేశం కోరుతూ అదే ఆసుపత్రికి వస్తుంది. తొలి భాగంలో ఆమె చిన్న పిల్ల. ఒక పారిశ్రామిక పేలుడులో గాయపడినవారితో అంబులెన్సులు వరుసగా వచ్చి ఆగుతున్నప్పుడు, కార్టర్ ఆమెను ‘డాక్టర్ గ్రీన్’ అని పిలిచి, వస్తున్నావా అని అడుగుతాడు. ఆమె ఇంకా వైద్యురాలు కాలేదు. ఆ పిలుపులో తండ్రి పేరూ ఉన్నది, రేపటి బాధ్యతా ఉన్నది.

తరువాత కెమెరా నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది. అన్నేళ్లూ ముక్కలు ముక్కలుగా మాత్రమే కనిపించిన ఆసుపత్రి భవనం మొదటిసారి నిండుగా కనిపిస్తుంది. లోపల, వాకిట్లో పని సాగుతూనే ఉంటుంది. ఎవరు బతికారో, ఎవరు పోయారో చెప్పకుండానే తెర పడుతుంది. ఆ రాత్రి ఒక కోటీ 64 లక్షల మంది దానిని చూశారు. ‘మాష్’ సంఖ్యతో పోల్చితే ఇది చిన్నదే. కానీ 1983 నాటికి అమెరికా ఇళ్లలో చానెళ్లు కొన్నే, 2009 నాటికి వందలు. దేశమంతా ఒకే రాత్రి ఒకే కథ ముందు కూర్చునే కాలం అప్పటికే ముగింపునకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఎన్‌బీసీ వారంలో అయిదు రోజులూ రాత్రి పది గంటల వేళను జే లెనో ముచ్చట్ల కార్యక్రమానికి అప్పగించింది. ఖర్చు తక్కువన్నదే అందుకు ప్రధాన కారణం. ఆ ప్రయోగం 2010 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది.

దానమా, బాధ్యతా?

ముగింపు భాగంలో విమర్శకులు అంతగా పట్టించుకోని అంశం ఒకటున్నది. కార్టర్ సంపన్న కుటుంబీకుడు. పుట్టకముందే మరణించిన తన కుమారుడి పేరిట పేదల కోసం ఒక వైద్యకేంద్రాన్ని సొంత సొమ్ముతో నిర్మిస్తాడు. దాని ప్రారంభోత్సవానికి పాత సహచరులు బెంటన్, లూయిస్, వీవర్, కోర్డే తదితరులు తరలివస్తారు. కథను అక్కడే ముగించి ఉంటే అది ఒక దాత కథ అయ్యేది. రచయిత అలా చేయలేదు. వేడుక ముగియగానే కార్టర్‌ను తిరిగి కౌంటీ ఆసుపత్రి వాకిలికి తెచ్చారు. కొత్త కేంద్రం మెరుస్తున్నది, కానీ పేలుడు జరిగినప్పుడు అంబులెన్సులు వచ్చినది పాత ప్రభుత్వ ఆసుపత్రికే. ఒక ధనికుని హృదయం మంచిదైతే కొందరికి మేలు జరుగుతుంది. అందరికీ మేలు జరగాలంటే ప్రజల సొమ్ముతో నడిచే వ్యవస్థ కావాలి. సంభాషణల్లో ఎక్కడా పలకని ఈ విషయాన్ని సన్నివేశాల వరుస చెప్పింది.

ఈ మాట ఊరికే పుట్టినది కాదు. బీమా లేని రోగులను ప్రైవేటు ఆసుపత్రులు చికిత్స చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తరలించడం 1980 దశకంలో అమెరికాలో పెద్ద వివాదమైంది. కుక్ కౌంటీ ఆసుపత్రి వైద్యులే ఇలా వచ్చిన 467 మంది రోగులను పరిశీలించి 1986లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. వారిలో 87 శాతం మందిని పంపివేయడానికి కారణం తగిన బీమా లేకపోవడమేనని తేలింది. సుమారు నాల్గవ వంతు మంది పరిస్థితి ప్రయాణానికి కూడా అనువుగా లేదు. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. డబ్బున్నా లేకపోయినా, అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలన్నది దాని సారాంశం. అయితే ఆ తరువాత బిల్లు వేయకూడదని ఆ చట్టం చెప్పలేదు. ‘ఈఆర్’ తెర దించిన 2009లో అమెరికాలో బీమా లేనివారు సుమారు అయిదు కోట్లు. మరుసటి ఏడాది మార్చిలో ఒబామా ఆరోగ్య చట్టం వచ్చి ఆ సంఖ్యను తగ్గించింది. ఇప్పుడు మళ్లీ అది పెరిగే సూచనలు కనిపిస్తున్నాయి.

ఇక్కడ ‘ఈఆర్’ లోపాన్నీ చెప్పుకోవాలి. ఆ ధారావాహిక పేదరికాన్ని చూపింది, తుపాకీ గాయాలను చూపింది, ఎయిడ్స్ భయాన్ని చూపింది. బిల్లును మాత్రం అరుదుగా చూపింది. చివరి దృశ్యంలోని భవనం ఎంత దృఢంగా కనిపించినా, దాని పద్దు పుస్తకం ప్రేక్షకుడికి కనిపించదు. వేచివుండే గదిలో గంటల తరబడి కూర్చున్నవారి ముఖాలు కూడా ఆ వెనక్కి జరిగే కెమెరాకు అందలేదు. పదహారేళ్ల తరువాత ‘ది పిట్’ అక్కడినుంచే అందుకున్నది. పదిహేను గంటల విధిని గంటకొక భాగంగా చూపుతూ, పైఅంతస్తులో పడకలు లేక అత్యవసర విభాగంలోనే నిలిచిపోయిన రోగులను, చాలని నర్సులను, సహనం నశించి సిబ్బందిపై చేయి చేసుకునే మనుషులను ముందుకు తెచ్చింది. ఇది ‘ఈఆర్’కు కొనసాగింపేనని, తమ అనుమతి లేకుండా తీశారని ఆరోపిస్తూ క్రైటన్ వారసులు 2024 ఆగస్టులో న్యాయస్థానానికి వెళ్లారు. నిర్మాతలు ఆ వాదనను తోసిపుచ్చారు. హక్కుల సంగతి న్యాయస్థానం తేల్చవలసినది. మొదటి కథ వదిలిపెట్టిన ప్రశ్ననే రెండవ కథ ఎత్తుకున్నదన్న సంగతి మాత్రం ప్రేక్షకుడికి తెలుస్తూనే ఉంటుంది.

సరిహద్దు వాకిలి

చికాగో కథతో మనకేమి సంబంధం అన్న సందేహం రావచ్చు. అమెరికాలోని వైద్యుల్లో సుమారు నాల్గవ వంతు ఇతర దేశాల్లో వైద్యం చదివి వెళ్లినవారు. వారిలో భారతదేశం నుంచి వెళ్లినవారే అధికం. ‘ఈఆర్’ చివరి ఆరేళ్లలో నీలా రస్గోత్రా అనే వైద్యురాలిగా పర్మీందర్ నాగ్రా కనిపించడం ఆ వాస్తవానికి ప్రతిబింబమే. పిల్లలను అక్కడి ఆసుపత్రులకు పంపుకున్న తెలుగు కుటుంబాలకు ఆ పాత్ర పరాయిది కాదు.

అంతకంటే దగ్గరి సంబంధం తలుపుకు సంబంధించినది. ప్రాణాపాయంలో ఉన్నవారికి వెంటనే చికిత్స చేయడం ప్రతి వైద్యుడి విధి అని మన సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులో తీర్పు చెప్పింది. రైలు నుంచి జారిపడిన ఒక వ్యవసాయ కూలీని కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి పడకలు లేవని తిప్పిపంపిన కేసులో, అది జీవించే హక్కుకు భంగమని 1996లో స్పష్టం చేసింది. అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక శాస్త్రంగా భారత వైద్య మండలి గుర్తించినది 2009లో. యాదృచ్ఛికమే అయినా ‘ఈఆర్’ ముగిసిన సంవత్సరమూ అదే. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ 2008లో తమిళనాడుకు, కర్ణాటకకు చేరింది. 2013లో ఒడిశాలో, 2014లో మహారాష్ట్రలో అదే సంఖ్యతో సేవలు మొదలయ్యాయి.

వాహనం వచ్చినంత మాత్రాన వాకిలి తెరిచి ఉంటుందన్న హామీ లేదని కరోనా కాలం నేర్పింది. 2020 మార్చిలో కర్ణాటక కాసరగోడు వైపు రోడ్లను మట్టికట్టలతో మూసివేయగా, మంగళూరు ఆసుపత్రులకు వెళ్లవలసినవారు మధ్యలోనే చిక్కుకున్నారు. అత్యవసర చికిత్సకు వెళ్లేవారికి దారి ఇవ్వాలని ఏప్రిల్ 1న కేరళ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. 2021 మేలో కర్నూలు దాటి హైదరాబాదుకు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దు వద్ద నిలిపివేశారు. ముందస్తు అనుమతి ఉండాలన్న ఉత్తర్వును మే 14న తెలంగాణ హైకోర్టు నిలుపుదల చేసింది. రెండుచోట్లా భాష, బంధుత్వం, వ్యాపారం ఎప్పటినుంచో కలిసే ఉన్నాయి. రోగి ప్రాణం మీదికి వచ్చిన గంటలో మాత్రం రాష్ట్రాల గీత అడ్డుగా నిలిచింది. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, యానాంలోనో ఉండే తెలుగువారికి పెద్దాసుపత్రి ఒక్కోసారి గీతకు అవతలే ఉంటుంది. వారికి ఇది సిద్ధాంత చర్చ కాదు.

‘ఈఆర్’ చివరి రాత్రి వాకిట్లోకి వచ్చిన క్షతగాత్రులను ఏ ఊరివారని, ఏ బీమా ఉన్నదని ఎవరూ అడగలేదు. స్ట్రెచర్ దింపారు, నాడి చూశారు, లోపలికి తీసుకువెళ్లారు. తెరమీద అది సులభం. ఆ సులభమైన పని వెనుక చట్టం కావాలి, సొమ్ము కావాలి, నిద్రలేచి వచ్చే వైద్యుడు కావాలి, ఆ వైద్యుడి తరువాత నిలిచే కొత్తవారు కావాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా అంబులెన్సు వచ్చి ఆగుతుంది గానీ, అందులోని మనిషి బయటే ఉండిపోతాడు.